తూర్పు ఇంటికి సోలార్ లెక్క

తూర్పు ముఖం స్థలమంటే గజానికి నాలుగు రాళ్లు ఎక్కువ పోసయినా కొనే అలవాటు మనది. దక్షిణం వాకిలి అనగానే బేరం సగంలో వదిలి లేచిపోతాం. సోలార్ దగ్గరికి వచ్చేసరికి ఈ వరస తిరగబడుతుంది. "సోలార్‌కి దక్షిణం ఉండాలటండీ, మాది తూర్పు ఇల్లు" అని అదే ఇంటివాళ్లు నీరుగారిపోతారు. ఆ ఒక్క మాట దగ్గరే ఆలోచన ఆపేసేవాళ్లు కొందరు. "ఏ దిక్కయినా ఒకటేనండీ, సబ్సిడీ ఉండగానే పెట్టించేయండి" అనే ఏజెంటు మాట నమ్మి సంతకం పెట్టేసేవాళ్లు మరికొందరు. ఇద్దరిదీ లెక్క వేయకుండా తీసుకున్న నిర్ణయమే. తూర్పు వాలు వల్ల పోయేది ఉంది. దాన్ని రూపాయల్లో కొలవచ్చు, కొలిస్తే అది చిన్నది. పెట్టాలా వద్దా అన్నది తేల్చేవి రెండే. మీ కరెంటు బిల్లు ఏ శ్లాబులో ఆగుతోంది? మీ కప్పుకి ఎదురుగా ఉన్న ఆకాశం ఇంకో పాతికేళ్లు ఖాళీగా ఉంటుందా? ఈ రెండో ప్రశ్నలో తూర్పు ఇంటికి ఒక సదుపాయం ఉంది. ఏజెంట్లు కూడా దాన్ని పెద్దగా చెప్పరు. దాని దగ్గరికి వస్తాను.

ముందు ఒక తికమక తీర్చుకుందాం. ఇంటి ముఖం వేరు, కప్పు వాలు వేరు. మన ఊళ్లలో ఇళ్లు చాలావరకు చదును డాబాలు. చదును శ్లాబుకి దిక్కంటూ లేదు; దిక్కులేనిదని కాదు, దానికి ఏ దిక్కయినా ఒకటే అని. వీధి గుమ్మం తూర్పుకి ఉన్నా ప్యానెళ్లను ఇనప స్ట్రక్చర్ మీద దక్షిణానికి పది పదిహేను డిగ్రీలు వంచి బిగించుకోవచ్చు. అలాంటి ఇంటివాళ్లు "మాది తూర్పు ముఖం" అని దిగులుపడటంలో అర్థం లేదు. నిజంగా తూర్పు సమస్య ఉన్న ఇళ్లు మూడు రకాలు. వాలు తూర్పుకి దిగిన పెంకుటిళ్లు, రేకుల షెడ్లు ఒకటి. ముందువైపు అందం కోసం శ్లాబునే ఏటవాలుగా పోయించుకున్న డ్యూప్లెక్సులు రెండు. మూడోది చదును డాబానే. దక్షిణం వైపంతా మెట్ల గది, నీళ్ల ట్యాంకు తినేసి తూర్పు పిట్టగోడ వెంబడి ఒక పట్టీ మాత్రమే మిగిలి, దాని మీద ప్యానెళ్లు పట్టాలంటే తూర్పుకే తిప్పాల్సిన ఇల్లు. మీది ఈ మూడింటిలో ఒకటైతే ఇక్కడి నుంచి చెప్పేది మీ గురించే.

దక్షిణం ఉండాలన్న మాట అబద్ధం కాదు. అయితే అది చల్లటి దేశాల్లో పుట్టి మన దాకా వచ్చింది. బెర్లిన్‌లో డిసెంబరు మూడో వారం మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి 14 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అంత కిందుగా, అంతా దక్షిణాన తిరిగే సూర్యుడికి ప్యానెల్‌ను బాగా నిటారుగా లేపి దక్షిణానికి చూపించకపోతే దండగే. అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి ఇంటి లెక్క చూసి ఫోన్లో చెప్పే సలహాలోనూ ఈ చలిదేశపు సూర్యుడే ఉంటాడు. మన సంగతి వేరు. విజయవాడ 16న్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అక్కడ అదే డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. మే మొదటి వారంలో సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ మూడు నెలలు దక్షిణానికి వంచిన ప్యానెల్ సూర్యుడి నుంచి మొహం కొద్దిగా పక్కకి తిప్పుకున్నట్టే. దానికి తోడు జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బుల కాలం. మబ్బు పట్టిన రోజు వెలుగు ఒక దిక్కు నుంచి రాదు, ఆకాశమంతటి నుంచీ చెదిరి వస్తుంది. ఇక దక్షిణానికి స్పష్టమైన పైచేయి ఉండేది దసరా నుంచి శివరాత్రి దాకా.

అందుకే మన దగ్గర తూర్పు వాలు వల్ల పోయే ఉత్పత్తి ప్యానెల్ ఎంత వాలుగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. పది పదిహేను డిగ్రీల వాలయితే, మంచి దక్షిణపు అమరికతో పోల్చి ఏడాది మొత్తం మీద 5 నుంచి 8 శాతం తగ్గుతుంది. ప్యానెల్ చూపు ఎక్కువగా ఆకాశం మీదే కాబట్టి దిక్కు పెద్దగా పట్టదు. పాతకాలపు పెంకుటింటి వాలు ముప్పై డిగ్రీలు ఉంటే నష్టం 10, 12 శాతం దాకా పోవచ్చు. మన తెలుగు రాష్ట్రాల్లో ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. నెలకు 120. తూర్పు వాలు మీద అది 110, 112 అవుతుంది. తూర్పుకి కలిసొచ్చేది కూడా కొంచెం ఉంది. ప్యానెల్ సామర్థ్యాన్ని దాని లోపలి వేడి 25 డిగ్రీలు ఉన్నప్పుడు కొలుస్తారు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ప్యానెల్ వేడి 65 డిగ్రీలు దాటుతుంది. ప్రతి డిగ్రీకి మూడో వంతు శాతానికి పైగా ఉత్పత్తి తరుగుతుంది. గాలి ఇంకా చల్లగా ఉండే పూట ఎక్కువ పనిచేసే తూర్పు ప్యానెల్‌కి ఈ తరుగు కాస్త తక్కువ. ఎండాకాలం సాయంత్రాలు కమ్ముకొచ్చే మబ్బులకు దెబ్బతినేది కూడా పడమటి వాలే. ఇవి దక్షిణాన్ని ఓడించేంతవి కావు. తూర్పు, పడమరల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే మాత్రం తూర్పు వైపు మొగ్గడానికి ఇవి చాలు.

ఇక యూనిట్లను రూపాయల్లోకి మారుద్దాం. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు కొన్నేళ్లుగా నడుస్తున్న ధరలు చూడండి. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, అక్కడి నుంచి 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. నెలకు 400 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు ధరే 2,548 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం, సర్దుబాటు ఛార్జీలు దీని మీద. ఇప్పుడు ఈ ఇంటి మీద ఒక్క కిలోవాట్ పెట్టారనుకుందాం. నెట్ మీటర్ ఆ 120 యూనిట్లను మొత్తం వాడకం నుంచి తీసేస్తుంది. తీసేసేది పై నుంచి. అంటే పోయేవి రూ.8.75 యూనిట్లు. మిగిలేది నెలకు 1,050 రూపాయలు. రెండో కిలోవాట్ తీసేసే 120 యూనిట్లలో సగం రూ.6 శ్లాబువి, కాబట్టి అది మిగిల్చేది 871. మూడోది ఇంకా కిందికి దిగుతుంది, అది మిగిల్చేది 540. ముగ్గురన్నదమ్ములు ఒకేలా కష్టపడ్డా పెద్దవాడి సంపాదన చిన్నవాడికి రెండింతలన్నమాట. మూడు కిలోవాట్లూ కలిపి నెలకు దాదాపు 2,460 రూపాయలు.

ఇప్పుడు తూర్పు వాలు పెట్టి చూద్దాం. ఏడు శాతం తరుగంటే 360 యూనిట్లలో పాతిక పోతాయి. ఈ పాతికా ఏ శ్లాబువి? పై శ్లాబులన్నీ మిగతా ఉత్పత్తే తుడిచిపెట్టేసింది కాబట్టి, పోయినవి అట్టడుగున మూడేసి రూపాయల యూనిట్లు. దక్షిణం ఇంటికి నికరంగా 40 యూనిట్ల బిల్లు వస్తే తూర్పు ఇంటికి 65 యూనిట్ల బిల్లు వస్తుంది. 87 రూపాయలకు బదులు 162. తేడా నెలకు 75 రూపాయలు, ఏడాదికి 900. ముప్పై డిగ్రీల పెంకుటింటి మీద 12 శాతం పోయినా తేడా 140 రూపాయల చిల్లర. మొత్తం ఆదా 2,460 అయినచోట 75 రూపాయలు చూసి పథకాన్నే వదులుకోవడం, కల్లంలో ఎలుక తిన్న గింజలు చూసి సేద్యం మానుకోవడం లాంటిది. ఇదే లెక్క రెండో వైపు కూడా చూడాలి. "తూర్పు కదా, నష్టం పూడ్చడానికి ఇంకో ప్యానెల్ వేయించుకోండి" అని అమ్మేవాడు అంటాడు. ఏడాదికి 900 రూపాయల కోసం అదనపు ప్యానెల్‌కి పోసే డబ్బు తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో వేసుకుంటే ఆ మాట అక్కడే ఆగిపోతుంది.

తెలంగాణలో మాత్రం ఒక మెలిక ఉంది. అక్కడ శ్లాబుల్ని గుంపులుగా కట్టారు. 100 దాటి 200 లోపు వాడితే మొదటి వంద యూనిట్లకు రూ.3.40, రెండో వందకు రూ.4.80, మొత్తం 820 రూపాయలు. ఒక్క యూనిట్ దాటి 201 అయితే మొదటి 200 యూనిట్ల ధరే రూ.5.10 అయిపోతుంది. బిల్లు 1,027 దాటుతుంది. ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల రూపాయల పైచిలుకు! కాబట్టి హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో తూర్పు కప్పు ఉన్నవాళ్లు, సోలార్ పోను మిగిలే వాడకం 100 దగ్గరో 200 దగ్గరో గీత మీద ఆగుతోందేమో చూసుకోవాలి. అలా ఆగే ఇంటికి మాత్రం ఆ పాతిక యూనిట్లు నిజంగా విలువైనవి. అక్కడ అదనపు ప్యానెల్ దండగ కాదు.

లెక్క ఎటు తిరిగినా వద్దనే చెప్పే ఇళ్లూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 90 యూనిట్లు వాడే ఇంటి కరెంటు ధర మొత్తం 260 రూపాయల్లోపు. ఒక కిలోవాట్‌కి 70,000 అయి, 30,000 సబ్సిడీ పోను 40,000 చేతి నుంచి పడిందనుకుంటే తిరిగి రావడానికి పన్నెండేళ్లు దాటుతుంది. ఆలోగా ఇన్వర్టర్ మార్చాల్సి వస్తే లెక్క మరీ దిగజారుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఇళ్లకు 200 యూనిట్ల దాకా ఉచితం. బిల్లు సున్నా వస్తున్న ఇంటికి ఏ దిక్కు ప్యానెలూ ఏమీ మిగల్చదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల దాకా ప్రభుత్వమే ఉచితంగా పెట్టించే కార్యక్రమం ఉంది. ఆ అర్హత ఉన్నవాళ్లు ముందు అది అడగాలి, సొంత డబ్బు తీయకూడదు. నెలకు 200 యూనిట్లు వాడే మధ్యరకం ఇంటికి ఒక కిలోవాట్ చాలు. అది 650 రూపాయలు మిగిలిస్తే దాని పక్కన పెట్టే రెండోది మిగిల్చేది 215 మాత్రమే. "సబ్సిడీ మూడు కిలోవాట్లకి ఎక్కువుంది కదా" అని మూడు పెట్టించుకునేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి. వాడకానికి మించి పండిన యూనిట్లకు డిస్కం ఇచ్చే ధర, మనం కొనే ధరకన్నా బాగా తక్కువ.

ఖర్చు వైపు చూద్దాం. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాట్‌కి 30,000, రెండింటికి 60,000, మూడు అంతకు పైన ఎంతయినా 78,000 రూపాయల సబ్సిడీ. పథకం గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా. మూడు కిలోవాట్లకు సబ్సిడీ పోను చేతి నుంచి 1,20,000 పడిందనుకోండి. పైన చెప్పిన 400 యూనిట్ల ఇంటికి అది నాలుగేళ్లలో తిరిగి వస్తుంది, తూర్పు వాలయితే ఇంకో నెలా రెండు నెలలు. ప్యానెళ్లకు కంపెనీలు ఇచ్చే ఉత్పత్తి హామీ 25 ఏళ్లు. అప్పు చేసినా, 7 శాతం వడ్డీకి ఏడేళ్లకు నెల వాయిదా 1,800 చుట్టుపక్కల. బిల్లులో మిగిలే డబ్బు దాన్ని కట్టేస్తుంది. సబ్సిడీ రావాలంటే ప్యానెళ్లలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవే ఉండాలి, పథకంలో నమోదైన వెండరే బిగించాలి. కొటేషన్లో ఆ రెండు సంగతులూ రాయించుకోండి.

ఇప్పుడు ఆకాశం సంగతి. ప్యానెల్‌కి దిక్కు కన్నా పెద్ద శత్రువు నీడ. వాలు వల్ల పోయేది పదో వంతుకు అటూ ఇటూ అయితే, అడ్డొచ్చిన గోడ పూటకు పూటే మింగేస్తుంది. పైగా ప్యానెళ్లను గొలుసులా వరసగా కలుపుతారు. కొబ్బరి మట్ట నీడ ఒక ప్యానెల్ మీద పడితే ఆ ప్యానెల్‌తో పాటు వరసంతా నీరసించవచ్చు. నీడ ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే తూర్పు ఇంటికున్న సదుపాయం తెలుస్తుంది. తూర్పు ముఖం ఇల్లంటే తూర్పున వీధి ఉన్న ఇల్లు. వీధి మీద ఎవరూ మేడ కట్టలేరు. ఎదురింటివాళ్లు మూడంతస్తులు లేపినా మధ్యలో ఇరవై ముప్పై అడుగుల ఖాళీ ఎప్పటికీ ఉంటుంది. మరి మీ దక్షిణాన ఏముంది? పక్కవాళ్ల స్థలం. ఇవాళ అక్కడ రేకుల ఇల్లో, ఖాళీ జాగానో ఉండొచ్చు. రేపు మీ గోడకు మూడడుగుల దూరంలో జీ ప్లస్ టూ లేస్తే అడిగే హక్కు మీకు లేదు. ఆ గోడ మీ డాబా మట్టం కన్నా పది అడుగులు ఎత్తు లేచిందనుకోండి. డిసెంబరులో విజయవాడ లెక్కన దాని నీడ మిట్టమధ్యాహ్నం ఎనిమిదిన్నర అడుగుల దాకా, ఉదయం తొమ్మిదింటికి పదకొండు అడుగుల దాకా మీ వైపు పడుతుంది. మధ్యలోని మూడడుగులు తీసేసినా, ముప్పై అడుగుల వెడల్పు డాబాలో ఉదయం పావు వంతు దాకా పోయినట్టే. దక్షిణం పిట్టగోడ దగ్గర శాస్త్రం ప్రకారం పెట్టిన ప్యానెళ్లు ఆ నీడలో ఉంటాయి. తూర్పు పట్టీలో వీధి వైపు, ఆ నీడకు అవతల పెట్టినవి ఎండలో ఉంటాయి. పాతికేళ్ల సరుకు కొంటున్నప్పుడు ఇవాళ్టి ఎండ ఒక్కటే చూస్తే చాలదు.

నీడను కళ్లతో కొలవడానికి సరైన కాలం ధనుర్మాసం. సూర్యుడు అన్నిటికన్నా కిందుగా తిరిగే రోజులవి, నీడలు బారెడు సాగుతాయి. ఒక ఆదివారం తొమ్మిదింటికి డాబా ఎక్కి, పడిన ప్రతి నీడ అంచు వెంట ముగ్గుపిండితో గీత గీయండి. పన్నెండింటికి మళ్లీ, మూడింటికి మళ్లీ. మూడు పూటలా ఏ గీత లోపలికీ రాకుండా మిగిలిన చోటే మీ అసలు డాబా. కిలోవాట్‌కి సుమారు వంద చదరపు అడుగులు కావాలి. మిగిలిన చోటు మూడు వందల అడుగులు లేకపోతే మూడు కిలోవాట్ల ఊసెత్తకండి. ఈ గీతల్లో అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచేది మన ట్యాంకే. బరువు నైరుతిలో ఉండాలని వాస్తు ప్రకారం ట్యాంకును నైరుతి మూలన, అదీ ఎత్తు దిమ్మె మీద పెట్టిస్తాం. మధ్యాహ్నం దాటాక సూర్యుడు సరిగ్గా ఆ మూల వెనక్కే చేరతాడు. ట్యాంకు నీడ డాబా మధ్యలోంచి ఈశాన్యం వైపు సాగుతుంది. తూర్పు పిట్టగోడ పొడవునా పెట్టిన వరసకు ఆ నీడ తగిలేది పొద్దు వాలాకే, అప్పటికి తూర్పు ప్యానెల్ పని చాలావరకు అయిపోయి ఉంటుంది.

వాస్తు ఎలాగూ వచ్చింది కాబట్టి దానికో జవాబు. ఈశాన్యం తేలికగా ఉండాలి, అక్కడ ప్యానెళ్ల బరువు పెట్టొచ్చా అని అడుగుతారు. నమ్మకం మీద వాదించను, బరువు మాత్రం చెబుతాను. 545 వాట్ల ప్యానెల్ సుమారు 28 కిలోలు ఉంటుంది. మూడు కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు, 168 కిలోలు. ఇనుముతో కలిపినా నిండుగా ఉన్న వెయ్యి లీటర్ల ట్యాంకులో మూడో వంతు తూగదు, అదీ నూట యాభై అడుగులకు పైగా పరుచుకుని. శ్లాబుకి బరువు బాధ లేదు. బాధంతా గాలితో. 2014 అక్టోబరు 12న విశాఖను హుద్‌హుద్ తుపాను ఎలా ఊడ్చేసిందో ఆ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. ప్యానెల్ కిందికి దూరిన గాలి దాన్ని పైకి లేపుతుంది. కోస్తా ఊళ్లలో వాలు పది డిగ్రీలకు మించకుండా, కాళ్లను శ్లాబుకి గట్టిగా యాంకర్ చేయించి, ఉప్పుగాలికి తుప్పు పట్టని గాల్వనైజ్డ్ ఇనుమే వాడించాలి. ఇక్కడో తమాషా ఉంది. తుపాను భయంతో వాలు తగ్గించిన కొద్దీ దిక్కుతో పని తగ్గిపోతుంది. కాకినాడలో పది డిగ్రీల తూర్పు వాలు గురించి బెంగపడాల్సింది దాదాపు ఏమీ లేదు.

డాబా పోతుందన్న బాధ మాత్రం నిజమైనదే. వడియాలు పెట్టుకునేది, మిరపకాయలు ఎండబోసేది, బట్టలారేసేది, ఎండాకాలం రాత్రి చాప వేసుకునేది అక్కడే. స్ట్రక్చర్‌ను ఏడెనిమిది అడుగులు లేపి కింద చోటు మిగుల్చుకోవచ్చు. దానికి అదనంగా డబ్బు అవుతుంది, సబ్సిడీ ఆ అదనాన్ని చూడదు, ఎత్తు పెరిగిన కొద్దీ గాలి దెబ్బ కూడా పెరుగుతుంది. వంట గ్యాస్ లాగా డాబా కూడా ఇంట్లో ఆడవాళ్లు ఎక్కువ వాడే వస్తువు. ఎక్కడ ఏది పెట్టాలో వాళ్లను అడక్కుండా మగవాళ్లు ఏజెంటుతో తేల్చేసుకోవడం బాగుండదు.

ఉదయం పూట ఎండ కాబట్టి తూర్పు సోలార్‌తో పొద్దున్నే గీజర్ నడుస్తుందని ఆశపడేవాళ్లు ఉంటారు. నడవదు. ఆరున్నరకి సూర్యుడు కళ్లు నులుముకుంటూ ఉంటాడు, రెండు కిలోవాట్ల గీజర్‌కి కావాల్సింది ప్యానెళ్లు ఎనిమిదిన్నర, తొమ్మిది దాకా ఇవ్వలేవు. అయినా నెట్ మీటర్ ఉన్నంతకాలం ఆ బాధ లేదు. పదింటికి లైన్లోకి పోయిన యూనిట్, మీరు ఆరింటికి వాడుకున్న యూనిట్‌కి చెల్లు. కరెంటు పోతే ఇల్లు వెలుగుతుందన్నది ఇంకో భ్రమ. లైన్ ఆగిన మరుక్షణం ఈ రకం ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మ్యాన్ ప్రాణం కోసం ఆ ఏర్పాటు. కోతలే మీ బాధయితే బ్యాటరీ కావాలి, దాని లెక్క పూర్తిగా వేరు. ఇక నెట్ మీటరింగ్ నియమాలు రేపు మారితేనో అంటారు. మారవచ్చు. పండిన యూనిట్‌ను పండిన గంటలోనే వాడుకోవాల్సిన రోజు వస్తే, పొద్దున మోటారు, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ నడిచే ఇంటికి తూర్పు ఎండ అక్కరకొచ్చేదే. ధరలు ఇంకా తగ్గుతాయి, ఆగుదాం అనేవాళ్లు రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకోవాలి. 400 యూనిట్ల ఇంటికి ఒక ఏడాది ఆగడమంటే 29,000 రూపాయలు బిల్లు కింద కట్టేయడం. ప్యానెళ్ల ధర ఏడాదిలో అంత తగ్గుతుందని నమ్మకముంటే ఆగండి.

రెండు కప్పుల విషయంలో మాత్రం తొందరపడొద్దు. సిమెంటు రేకుల మీద మనిషి కాలు పెడితేనే పగులుతాయి. వాటికి బోల్టులు కొట్టి ప్యానెళ్లు బిగిస్తామనేవాళ్లను పంపించేయండి. గోడల మీద నుంచో నేల నుంచో వేరే స్తంభాలు లేపగలిగితేనే ఆ మాట. పెంకుటింట్లో వాసాలు, దూలాలు ముందు వడ్రంగి చేత తట్టించి చూడాలి. చెద పట్టిన దూలం మీద పాతికేళ్ల సరుకు ఎక్కించలేం. కురిసే శ్లాబు ఉన్నవాళ్లు ముందు లీకు బాగు చేయించుకోవాలి, ప్యానెళ్లు ఎక్కాక కిందికి చెయ్యి దూరదు. వాలు తూర్పుకి సగం, పడమరకి సగం ఉన్న ఇంటివాళ్లు రెండు వైపులా పంచుకోవచ్చు. కానీ తూర్పు ప్యానెళ్లు, పడమటి ప్యానెళ్లు ఒకే వరసలో కలపకూడదు. రెండు వరసల్ని విడివిడిగా నడిపే ఇన్వర్టరే కావాలని కొటేషన్లో పట్టుబట్టండి.

నికరంగా నా తీర్పు ఇది. నెలకు సగటున 250 యూనిట్లకు పైగా వాడుతూ, ముగ్గుపిండి గీతల మధ్య చాలినంత చోటు మిగిలి, శ్లాబు గట్టిగా ఉన్న తూర్పు ఇల్లయితే పెట్టించుకోండి, వాడకానికి తగినంతే. 100 యూనిట్లలోపు ఇల్లయితే వద్దు. మధ్యలో ఉన్నవాళ్లు ఒక కిలోవాట్‌తో మొదలుపెట్టి ఆగండి. వెండర్‌కి ఫోన్ చేసేముందు మాత్రం గడిచిన పన్నెండు నెలల కరెంటు బిల్లులు వరసగా పేర్చి, ఒక్కో దాంట్లో చివరి యూనిట్‌కి మీరు ఎంత కట్టారో దాని పక్కనే రాసుకోండి.